మనోళ్లు ఓడినప్పుడు: దిగజారే జట్టును అభిమాని ఎందుకు వదలడు?

2025 ఆగస్టు 27. ఇంగ్లండ్‌లో రాత్రి ఎనిమిది, మనకు పన్నెండున్నర. గ్రిమ్స్‌బీ టౌన్ అనే చిన్న క్లబ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ కప్ మ్యాచ్ ఆడుతోంది. గ్రిమ్స్‌బీది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె, యునైటెడ్‌ది మొదటిది. సగం ఆట అయ్యేసరికి గ్రిమ్స్‌బీ రెండు గోల్స్ ముందుంది. పైన వాన. కెమెరా డగౌట్ వైపు తిరిగితే యునైటెడ్ మేనేజర్ రూబెన్ అమోరిమ్ చేతిలో చిన్న బోర్డు, దాని మీద అయస్కాంతం బిళ్లలు. వాటిని అటూ ఇటూ జరుపుతున్నాడు. ఇంట్లో చెస్‌లో ఓడిపోతున్న పిల్లాడు పావులను చూసినట్టు చూస్తున్నాడు.

89వ నిమిషంలో స్కోరు సమం చేశారు. పెనాల్టీ షూటౌట్ మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, గోల్‌కీపర్లతో సహా అందరి వంతూ అయింది. చివరికి యునైటెడ్ ఆటగాడు ఎంబూమో కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కి వచ్చింది. 12-11. గ్రిమ్స్‌బీ గెలిచింది.

మన దగ్గర రెండున్నర దాటేదాకా మేలుకుని అది చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లారాక వాళ్లు విన్న ప్రశ్న ఒక్కటే: "ఇంకా ఆ టీమ్‌నే చూస్తున్నావా?" ఇంట్లోవాళ్లకి, ఆఫీసులో పక్క సీటువాళ్లకి ఇది నిజంగానే అర్థం కాదు. గెలవని జట్టు కోసం నిద్ర మానుకోవడం ఏమిటి? అభిమానికి కూడా ఇది సరిగ్గా అర్థమవుతుందని చెప్పలేం. కాబట్టి మొదటి నుంచి చూద్దాం.

ఓడిపోవడం వేరు, దిగజారడం వేరు

ఈ మాటలు కలిసిపోవడంతోనే సగం గందరగోళం. ఒక మ్యాచ్ పోతే అది ఓటమి. నాలుగైదు వరసగా పోతే ఫామ్ పోయిందంటాం. క్రికెట్ చూసేవాళ్లకి ఈ రెండూ కొత్త కాదు. దిగజారడం అంటే అలవాటు మారిపోవడం. గెలుపు మామూలు, ఓటమి వింత అనుకునే చోట ఓటమి మామూలు, గెలుపు వింత అవడం.

యునైటెడ్ విషయంలో ఈ మార్పుకి తేదీ కూడా చెప్పొచ్చు. 26 ఏళ్లు పైగా జట్టును నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ 2013 మేలో తప్పుకున్నాడు. ఆయన హయాంలో 38 ట్రోఫీలు వచ్చాయి. వెళ్లిపోయిన ఏడాది కూడా లీగ్ గెలిపించే వెళ్లాడు, అది క్లబ్‌కి ఇరవయ్యో లీగ్ టైటిల్. మరుసటి ఏడాది అదే జట్టు ఏడో స్థానంలో ఆగింది. ఆయన తర్వాత వచ్చిన డేవిడ్ మోయెస్‌ని పది నెలలకే పంపేశారు. మోయెస్ నుంచి అమోరిమ్ దాకా ఆరుగురు పూర్తికాలపు మేనేజర్లు, మధ్యలో తాత్కాలికులు. 2024-25లో ఇరవై జట్ల లీగ్‌లో 15వ స్థానంలో తేలింది.

దిగజారుతున్నప్పుడు ఆ సంగతి తెలియకపోవడం ఇందులో పెద్ద చిక్కు. 2017లో లీగ్ కప్, యూరోపా లీగ్ రెండూ వచ్చాయి. 2018లో, మళ్లీ 2021లో లీగ్‌లో రెండో స్థానం దక్కింది. 2023లో లీగ్ కప్, 2024లో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్. ఇవేవీ చిన్నవి కావు. చాలా క్లబ్‌లు వీటికోసం తరాల తరబడి ఎదురుచూస్తాయి. కానీ దాదాపు ప్రతిసారీ "హమ్మయ్య, అయిపోయింది" అనుకోవడం, ఆ తర్వాతి సీజన్‌లో ఇంకో మెట్టు కిందికి దిగడం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జ్వరం ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే ఇది తెలుస్తుంది. జ్వరం 102 ఉన్న రోజు కంటే, 99కి దిగి మళ్లీ ఎక్కిన సాయంత్రమే గుండె జారిపోతుంది.

బాధకి లెక్క కడితే

అభిమాని బాధను కొలవొచ్చా? కొలిచినవాళ్లున్నారు. 2018లో సస్సెక్స్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఒక ఫోన్ యాప్ ద్వారా వేలమంది బ్రిటన్‌వాసులు నమోదు చేసుకున్న మూడ్ వివరాలను ఫుట్‌బాల్ ఫలితాలతో పోల్చి చూశారు. నూరు పాయింట్ల కొలబద్ద మీద, తన జట్టు గెలిచిన గంటలో అభిమాని సంతోషం సుమారు 4 పాయింట్లు పెరిగింది. ఓడిన గంటలో సుమారు 8 పాయింట్లు తగ్గింది. అంటే ఒక ఓటమి మింగినదాన్ని రాబట్టుకోవాలంటే రెండు గెలుపులు కావాలి.

ఇది రకరకాల జట్ల అభిమానుల సగటు. యునైటెడ్‌కి దీన్ని వాడటం శాస్త్రం కాదు, కాగితం మీద సరదా లెక్క. డ్రాలను పక్కన పెట్టి చూద్దాం.

2012-13, ఫెర్గూసన్ చివరి ఏడాది: లీగ్‌లో 28 గెలుపులు, 5 ఓటములు. గెలుపులకి 112 పాయింట్లు జమ, ఓటములకి 40 ఖర్చు. ఏడాది చివర్లో 72 మిగులు.

2024-25: 11 గెలుపులు, 18 ఓటములు. జమ 44, ఖర్చు 144. నూరు పాయింట్ల అప్పు.

ఈ రెండూ ఊహించగలిగినవే. నాకు ఆశ్చర్యం కలిగించింది మధ్యలోది. 2023-24లో యునైటెడ్ 18 గెలిచి 14 ఓడింది, ఎనిమిదో స్థానం. ఓటముల కంటే గెలుపులే ఎక్కువ కదా, ఫర్వాలేదనాలి. లెక్క కడితే జమ 72, ఖర్చు 112. నలభై తక్కువ. పేపర్లో పట్టిక చూసేవాడికి అది మధ్యస్థంగా ఆడే జట్టు. ప్రతి మ్యాచ్ చూసేవాడికి మాత్రం ఏడాదంతా నష్టమే. "అంత ఘోరంగా ఏం లేరుగా" అని బయటివాళ్లు అనడం, ఆ మాటకి అభిమాని చిర్రెత్తిపోవడం, ఈ రెండిటికీ మధ్య తేడా ఈ నలభయ్యే.

అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. గెలుస్తారనుకున్న మ్యాచ్ పోతే తగిలే దెబ్బ, పోతుందనుకున్న మ్యాచ్ పోతే తగలదు. మరి జట్టు దిగజారే కొద్దీ ఆశలూ తగ్గాలి, బాధా తగ్గాలి కదా? కొంత తగ్గుతుంది కూడా. 2021 అక్టోబరులో సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో 0-5తో ఓడినప్పుడు అభిమానులు నోట మాట లేక ఉండిపోయారు. 2023 మార్చిలో అదే లివర్‌పూల్ తమ గడ్డ మీద 7-0 కొట్టేసరికి చాలామంది ఐదో గోల్ దగ్గర్నుంచి మీమ్స్ పంపుకున్నారు. కానీ ఆశ పూర్తిగా ఆరదు, ఎందుకంటే దాన్ని చరిత్ర ఎగదోస్తూ ఉంటుంది. చిన్న జట్టు అభిమాని ఈ ఏడాది జట్టును పోయిన ఏడాది జట్టుతో పోల్చుకుంటాడు. యునైటెడ్ అభిమాని ఒకే ఏడాది మూడు పెద్ద ట్రోఫీలు గెలిచిన 1999తో పోల్చుకుంటాడు.

"మనోళ్లు" ఎప్పుడు "వాళ్లు" అవుతారు?

1976లో రాబర్ట్ చాల్డీనీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక సాదాసీదా పని చేశారు. ఏడు యూనివర్సిటీల్లో సోమవారం పూట క్లాసులకి వచ్చిన విద్యార్థుల బట్టలు చూశారు. శనివారం తమ కాలేజీ జట్టు గెలిచి ఉంటే (అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట, అది వదిలేయండి) కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువ కనిపించాయి. ఫోన్ చేసి ఆట గురించి అడిగితే, గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం గెలిచాం" అనే ధోరణి, ఓటమి గురించి చెప్పేటప్పుడు "వాళ్లు ఓడారు" అనే ధోరణి బయటపడ్డాయి.

తెలుగువాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. "మనం", "మేము" అని రెండు మాటలు విడివిడిగా ఉన్న భాష మనది. ఎదుటివాణ్ని కలుపుకోవాలంటే "మనం", వదిలేయాలంటే "మేము". మ్యాచ్ గెలిస్తే "మనోళ్లు ఇరగదీశారు". ఓడితే "ఏం ఆట అండీ అది, వీళ్లకి సిగ్గుందా?" ఒక్క రాత్రిలో "మనోళ్లు" కాస్తా "వీళ్లు" అయిపోతారు. గాలివాటం అభిమాని ఇక్కడితో ఆగుతాడు. జెర్సీ అల్మారాలో అడుగుకి వెళుతుంది, అంతే.

పట్టువదలని అభిమాని సంగతి వేరు. 1990లో డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కూంబ్ అనే పరిశోధకులు ఇదే తేల్చారు: జట్టుతో గాఢంగా మమేకమైనవాళ్లు ఓటమి తర్వాత అంత తేలిగ్గా దూరం జరగరు. ఎందుకు జరగరు? జట్టు మీద ప్రేమ అనేది ఒక జవాబు. నాకు అది సగం జవాబే అనిపిస్తుంది. పదిహేనేళ్లు శనివారాలు ఎలా గడపాలో ఒక జట్టు నిర్ణయించాక, స్నేహితుల్లో సగంమంది దాని వల్లే దొరికాక, దాన్ని వదిలేస్తే పోయేది జట్టొక్కటే కాదు. ఆ పదిహేనేళ్ల తనే పోతాడు.

అలాగని ఉండిపోయేవాడు రోజూ ఏడుస్తూ కూర్చోడు. జోకులు వేస్తాడు. జట్టు వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచేదాకా జుట్టు కత్తిరించుకోనని 2024 అక్టోబరులో ఒక అభిమాని ఒట్టు పెట్టుకున్నాడు. ఐదంటే ఎంత, ఫెర్గూసన్ రోజుల్లో నెలన్నర పని. ఏడాది దాటినా అతను మంగలి షాపు గడప తొక్కలేకపోయాడు. తల చుట్టూ పుట్టలా పెరిగిన జుట్టుతో ప్రపంచమంతా తెలిసిపోయాడు. ఆ ఫొటోలు చూసి ఎక్కువగా నవ్వింది యునైటెడ్ అభిమానులే.

నవ్విన నాపచేనే పండుతుంది

ఇక్కడ యునైటెడ్ అభిమానులు గుర్తు చేసుకోవడానికి ఇష్టపడని విషయం ఒకటి చెప్పాలి. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోని స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ స్టాండ్‌లో ఏళ్ల తరబడి ఒక బ్యానర్ వేలాడింది. పక్కూరి ప్రత్యర్థి... కాదు, అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ పెద్ద ట్రోఫీ గెలిచి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టే బ్యానర్ అది. ఏటా అంకె మార్చేవారు. 35 దాకా వెళ్లింది. 2011 మేలో సిటీ ఎఫ్ఏ కప్ గెలిచాక దించేశారు. తర్వాత సిటీ ఏమేం గెలిచిందో చెప్పనక్కర్లేదు.

అసలు సిటీ అభిమానులే ఈ వ్యాసానికి ఇంకో సాక్ష్యం. 1998-99లో వాళ్ల జట్టు మూడో అంచెలో ఆడాల్సి వచ్చింది. ఆ ఏడాది కూడా సొంత మైదానానికి సగటున 28 వేలమంది వచ్చారు.

యునైటెడ్‌కీ అలాంటి గతం ఉంది. 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టు ఆరేళ్లకే, 1974లో, రెండో అంచెకి పడిపోయింది. ఆ సీజన్ ఆఖర్లో సిటీ తరఫున మడమతో వెనక్కి తన్ని గోల్ కొట్టింది ఒకప్పటి యునైటెడ్ దేవుడు డెనిస్ లా. కొట్టాక సంబరం చేసుకోలేదు, తల వంచుకుని నడిచి వెళ్లాడు. ఆ గోల్ లేకపోయినా ఇతర మ్యాచ్‌ల ఫలితాల వల్ల యునైటెడ్ పడిపోయేదే. మరుసటి ఏడాది రెండో అంచెలో ఆడుతూ కూడా ఇంగ్లండ్ మొత్తంలో ఎక్కువ సగటు ప్రేక్షకులు ఉన్న క్లబ్ యునైటెడే.

తప్పెవరిది? అభిమానుల్లోనే మూడు వాదాలు

ఒక వాదం ఓపిక పట్టమంటుంది. 1989 డిసెంబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫెర్గూసన్‌ని సాగనంపమంటూ బ్యానర్ లేచింది. మూడేళ్లుగా సాకులే తప్ప ఆట లేదని దాని సారాంశం. కొన్ని నెలలకి ఎఫ్ఏ కప్ వచ్చింది, ఆ తర్వాతది చరిత్ర. కొత్త మేనేజర్ తడబడిన ప్రతిసారీ ఈ కథ బయటికి తీస్తారు. దీనిలో బలం ఉంది, కానీ మెలిక కూడా ఉంది. టైమ్ ఇస్తే కుదురుకున్న ఒక్కడి పేరు అందరికీ గుర్తుంటుంది. టైమ్ ఇచ్చినా కుదురుకోని వాళ్ల పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

రెండో వాదం వేలు యజమానుల వైపు చూపిస్తుంది. 2005లో అమెరికాకి చెందిన గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకి క్లబ్‌ని కొంది. అందులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పు క్లబ్ నెత్తినే పడింది. మీ ఇల్లు కొనడానికి నేను బ్యాంకులో అప్పు తీసుకుని, ఈఎంఐ మీ జీతంలోంచి కట్టించినట్టు. అప్పటిదాకా అప్పు లేని క్లబ్ అప్పట్నుంచీ వడ్డీలు కడుతూనే ఉంది. 2024 మేలో పెద్ద వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు నుంచి నీళ్లు ధారకట్టిన వీడియో అందరూ చూశారు. ఆ వాదాన్ని నమ్మేవాళ్లకి అంతకంటే రుజువు అక్కర్లేదు. అదే 2024లో బ్రిటన్ వ్యాపారవేత్త జిమ్ ర్యాట్‌క్లిఫ్ సుమారు 28 శాతం వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత వందలమంది ఉద్యోగులను తీసేశారు. సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లకి, పిల్లలకి వృద్ధులకి రాయితీ లేకుండా 66 పౌండ్ల రేటు పెట్టారు.

దీనికి ఎదురు ప్రశ్న కూడా గట్టిదే. ఇదే గ్లేజర్ల కింద ఫెర్గూసన్ ఐదు లీగ్‌లు గెలవలేదా? ఆయన తప్పుకున్నాక కూడా ఆటగాళ్ల మీద డబ్బు కుమ్మరించలేదా? 2016లో పాల్ పోగ్బాకి పెట్టిన 89 మిలియన్ పౌండ్లు అప్పటికి ప్రపంచ రికార్డు. డబ్బు లేక కాదు, దాన్ని ఎలా పెట్టాలో తెలిసినవాళ్లు లేక చెడిందనేది వీళ్ల మాట. నాకు రెండూ ఒకే కథలో భాగాలనిపిస్తాయి. తెలివైన మేనేజర్ ఉన్నన్నాళ్లూ ఇంటి పగుళ్ల మీద సున్నం బాగా నిలబడింది.

మూడో వాదం అభిమానినే నిలదీస్తుంది. 2024-25లో 15వ స్థానంలో నిలిచిన క్లబ్‌కి ఆదాయం 666 మిలియన్ పౌండ్లు, దాని చరిత్రలోనే ఎక్కువ. జట్టు ఓడుతున్నా మీరు జెర్సీలు కొంటున్నారు, టీవీ చూస్తున్నారు, మరి యజమాని ఎందుకు మారాలి? ఈ ప్రశ్నకి సిద్ధాంతంగా కాదు, చేతల్లో జవాబిచ్చినవాళ్లున్నారు. 2005లోనే కొందరు యునైటెడ్‌ని వదిలి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సభ్యులదే అయిన సొంత క్లబ్ పెట్టుకుని కింది అంచెల్లో ఆడుకుంటున్నారు. వదలనివాళ్లు 2021 మే 2న మైదానంలోకి చొచ్చుకెళ్లారు, లివర్‌పూల్‌తో ఆ రోజు జరగాల్సిన మ్యాచే వాయిదా పడింది. ఇద్దరూ తామే నిజమైన అభిమానులమంటారు. "క్లబ్ యజమానిదా, మాదా?" అని అడిగితే మాత్రం ఇద్దరిదీ ఒకే జవాబు.

ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలి బాధ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాడికి ఈ గొడవల్లో చోటెక్కడ? స్టాండ్‌లో సీటు లేదు కాబట్టి ఖాళీ చేసి నిరసన తెలపలేడు. మాంచెస్టర్‌లో పుట్టనివాడికి ఆ బాధ అరువు బాధే అని, ప్లాస్టిక్ ఫ్యాన్ అని అక్కడివాళ్లలో కొందరు అంటారు. తాతల నాటి నుంచి అదే స్టాండ్‌లో నిలబడ్డ కుటుంబాలు ఆ మాట అంటే తప్పు పట్టడం కష్టం. మనవాళ్లు ఎక్కువమంది కేబుల్ టీవీ వచ్చాక, యునైటెడ్ గెలుస్తుండగా చేరినవాళ్లు. అది ఒప్పుకోవాల్సిందే. గెలుపు కోసం చేరినవాడు గెలుపు పోయాక పన్నెండేళ్లు ఎందుకున్నాడన్నది మాత్రం ఆ మాటతో తేలదు.

2025 మే 22 తెల్లవారుజాము. బిల్బావ్‌లో యూరోపా లీగ్ ఫైనల్, మనకు పన్నెండున్నరకి మొదలు. ఎదురుగా టాటన్‌హామ్. లీగ్‌లో యునైటెడ్ కంటే ఇంకా ఒక్క మెట్టు కిందున్న జట్టు. 42వ నిమిషంలో వాళ్ల బ్రెన్నన్ జాన్సన్ గోల్. తర్వాత గంటసేపు యునైటెడ్ కొడుతూనే ఉంది, ఏదీ లోపలికి పోలేదు. మా ఇంట్లో పక్కవాళ్లు లేస్తారని టీవీ సౌండ్ మూడు మీద పెట్టుకుని చూశాను. అయిపోయాక నీళ్లకి లేచిన అమ్మ అడిగింది, "గెలిచార్రా మీవాళ్లు?" అని. మీవాళ్లు. లేదన్నాను. "పోనీలే, పడుకో" అంది. పన్నెండేళ్లుగా ఎన్ని విశ్లేషణలు చదివానో, వాటిలో ఏదీ అంత పనికి రాలేదు.

దిగజారడానికి కూడా జట్టు ఉండాలి

హైదరాబాద్‌కి సొంత కథ ఉంది. కోచ్ ఎస్.ఎ. రహీం చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన భారత జట్లకి కూడా రహీమే కోచ్. 1963లో ఆయన పోయారు. ఆ తర్వాత ఈ ఊరి ఫుట్‌బాల్ ఆ ఎత్తుకి మళ్లీ ఎక్కలేదు.

చాలా ఏళ్లకి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అది కూడా మూతపడ్డ పుణె సిటీ క్లబ్ స్థానంలో వచ్చిన జట్టు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. తమ జట్టు ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్ అభిమాని గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేకపోయాడు. 2023-24 వచ్చేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

యునైటెడ్ అభిమాని 15వ స్థానం చూసి ఏడవగలడు, ఎందుకంటే వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉంది. గచ్చిబౌలి స్టేడియం చుట్టుపక్కల పసుపు జెర్సీలు దాచుకున్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. 2019లో పుణె వాళ్లకీ లేకపోయింది. ఢిల్లీలో ఇప్పుడు ఎవరో ఆ జట్టుని "మనోళ్లు" అనడం అలవాటు చేసుకుంటూ ఉంటారు.